పన్ను విరగని నాయుడు
కవరు మీది తపాలా బిళ్లను పీకేయడం ఎవరికైనా వచ్చు. ఊడదీయడమే విద్య. చుట్టూ కాస్త కాగితం వదిలి కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో వేసి, జిగురు కరిగి దానంతటదే జారేదాకా ముట్టుకోరు. తర్వాత పట్టకారుతో ఎత్తి, అద్దుడు కాగితాల మధ్య ఆరబెడతారు. అంచున ఒక్క పన్ను విరిగినా ఆల్బంలో చోటుండదు. వాడని బిళ్లనైతే నీళ్ల దగ్గరికే రానివ్వరు, వెనక జిగురు చెదరకూడదు మరి! ముంబై కామాటిపురా చాల్‌లో ఒంటిగది కాపురానికి ఇంతకన్నా ఇమిడే సరదా ఏముంది? ఒకే పుటలో 1932లో మన తొలి టెస్టుకు నాయకుడైన తెలుగింటి సి.కె. నాయుడు, 1996 నాటి బిళ్ల. పక్కనే దాదర్ శివాజీ పార్కులో ఆట దిద్దుకున్న సచిన్, 2013లో వాంఖడే వీడ్కోలు టెస్టప్పటిది. మొహం మీద నల్లగా పడ్డ పోస్టు ముద్ర మాత్రం ఏ ఓర్పుకీ లొంగదు.