తెలియజేయడమా, అనుమతి కోరడమా? – ప్రైవేటు పైలట్ల కస్టమ్స్ నిబంధనల భాషపై ఒక విమర్శ

ప్రవేశిక

ఒక పదం ఎవరిమీద ఏ భారం మోపుతోందో తేల్చడం సాహిత్య విమర్శకు కొత్త పని కాదు. అదే దృష్టితో చట్టాన్ని కూడా పాఠంగా చదవవచ్చు. సరిహద్దు దాటే ప్రైవేటు విమానాల పైలట్లకు అమెరికా విధించిన కస్టమ్స్ నిబంధన అటువంటి పఠనానికి తగినది. ఆ నిబంధనలోని 'తెలియజేయడం' అనే మాట పైలట్ నిజంగా చేయవలసిన పనిని మరుగుపరుస్తోందని ఈ వ్యాస ప్రతిపాదన.

నేపథ్యం

1944 నాటి షికాగో ఒడంబడిక 5వ అధికరణం, క్రమబద్ధ సర్వీసులకు చెందని విమానాలు ముందస్తు అనుమతి పొందకుండానే ఇతర సభ్యదేశాల్లోకి ఎగిరివచ్చే హక్కును షరతులతో గుర్తించింది. దేశం కోరితే కస్టమ్స్ తనిఖీకి నిర్ణయించిన విమానాశ్రయంలోనే దిగాలని 10వ అధికరణం చెబుతుంది. ప్రవేశం, పాస్‌పోర్టు, కస్టమ్స్ విషయాల్లో ఆయా దేశాల చట్టాలను పాటించాలని 13వ అధికరణం నిర్దేశిస్తుంది. ఒక అధికరణం ఇచ్చిన స్వేచ్ఛకు మిగిలిన రెండూ హద్దు గీస్తున్నాయి. ముందస్తు సమాచార నిబంధనలు ఈ హద్దుమీదనే నిలిచి ఉన్నాయి.

పాఠ పరిశీలన

2008 నవంబరులో ప్రచురితమైన అమెరికా నిబంధన 2009 మే 18 నుండి తప్పనిసరిగా అమలైంది. దాని ప్రకారం విదేశంనుండి బయలుదేరడానికి కనీసం 60 నిమిషాల ముందు పైలట్ రాక సమాచారాన్ని, విమానంలోని ప్రతి వ్యక్తి వివరాలను ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపాలి. అమెరికా నుండి విదేశానికి వెళ్ళేటప్పుడూ ఇదే గడువు. శీర్షికలో కనిపించే మాట 'రాక సమాచారం'. అయితే సమాచారం పంపినంత మాత్రాన పైలట్ బయలుదేరలేడు. అధికారుల నుండి అనుమతి జవాబు రావాలి. దిగే హక్కును విడిగా కోరి పొందాలి. పంపిన జాబితాలో తరువాత ఒక వ్యక్తి చేరితే మళ్ళీ అనుమతి కావాలి. పేరుకు సమాచారమైనది ఆచరణలో అనుమతిగా మారింది.

రెండవ అంశం కర్తృత్వం. వాణిజ్య విమానాల విషయంలో ఈ బాధ్యత విమానయాన సంస్థది. దానికి కార్యాలయం, సిబ్బంది ఉంటారు. ప్రైవేటు విమానంలో అది పైలట్ ఒక్కడిది. వివరాలను మరొకరి చేత పంపించవచ్చు గాని, వాటి కచ్చితత్వానికి, సకాలంలో చేరడానికి అతడే జవాబుదారు. ప్రయాణికుల పత్రాలను వారితో సరిపోల్చే పనీ అతడిదే. ఉల్లంఘనకు మొదటిసారి 5,000 డాలర్లు, ఆపై ప్రతిసారీ 10,000 డాలర్ల జరిమానాకు చట్టంలో అవకాశం ఉంది. సందిగ్ధమైన పాఠాన్ని తప్పుగా చదివిన మూల్యం చెల్లించేది వ్యక్తే.

తులనాత్మక దృష్టి

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుండి ప్రైవేటు విమానాల నివేదికను బయలుదేరడానికి కనీసం 2 గంటల ముందు ఆన్‌లైన్‌లో సమర్పించాలి. కెనడాలో రాకకు కనీసం 2 గంటల ముందు ఫోనులో చెప్పే పద్ధతి ఉంది. దిగాక మళ్ళీ ఫోను చేయాలి. ఒకచోట గడువును బయలుదేరే క్షణం నుండి, మరొకచోట చేరే క్షణం నుండి లెక్కిస్తారు. మూడు దేశాల మధ్య ఎగిరే పైలట్ మూడు గడియారాలు చూసుకోవాలి.

భారత కస్టమ్స్ చట్టం (1962) కఠినమైనదే. కాని దాని పదజాలంలో స్పష్టత ఉంది. 29వ సెక్షన్ కస్టమ్స్ విమానాశ్రయంలోనే దిగాలంటుంది. 42వ సెక్షన్ లిఖితపూర్వకమైన ఆదేశం లేనిదే విమానం బయలుదేరరాదంటుంది. నివేదించడం వేరు, ఆదేశం పొందడం వేరు అని పాఠమే చెబుతుంది. ప్రమాదం వల్లనో, వాతావరణం వల్లనో మరోచోట దిగవలసివస్తే వెంటనే సమీప కస్టమ్స్ అధికారికి గాని, పోలీసు స్టేషను అధికారికి గాని తెలపాలి. ముందు ప్రాణం, తరువాత నివేదిక. అమెరికా నిబంధన అత్యవసరంగా మళ్ళిన విమానానికి సైతం దిగడానికి 30 నిమిషాల ముందు అనే గడువు పెట్టింది. సమాచారం పంపలేని పరిస్థితిని అధికారులు పరిగణనలోకి తీసుకుంటారన్న హామీ ఉన్నా, ఆ పరిశీలన జరిగేది ఉల్లంఘన తరువాతనే.

ప్రతివాదం

ప్రయాణికుల వివరాలను ముందే సరిచూసుకోవడం దేశభద్రతకు అవసరమన్న వాదన బలమైనది. విమానం గాలిలోకి లేచాక అందే సమాచారం అధికారులకు పెద్దగా ఉపయోగపడదు. 13వ అధికరణం ఆ అధికారాన్ని సమర్థిస్తుంది కూడా. అందువల్ల ఈ విమర్శ నియంత్రణ అవసరాన్ని ప్రశ్నించడంలేదు. అనుమతిని అనుమతి అని పిలిస్తే పోయే భద్రత ఏదీ లేదన్నదే ఇక్కడి వాదం.

ముగింపు

తెలుగులో 'తెలిపాను' అన్నవాడు తన పని పూర్తిచేసినవాడు. 'అడిగాను' అన్నవాడు జవాబుకోసం వేచి ఉన్నవాడు. ఈ రెండు క్రియల భేదం సామాన్య పాఠకుడికీ తెలుసు. పైలట్‌ను రెండవ స్థితిలో ఉంచుతూ మొదటి క్రియతో సంబోధించడం ఈ నిబంధనలోని ప్రధాన లోపం. కస్టమ్స్ చట్టాలను తెలుగులోకి తెచ్చేవారు మూలంలోని పదాన్ని మాత్రమే గాక, ఆ పదం చేయించే పనిని కూడా గమనించి పారిభాషిక పదాలను నిర్ణయించాలి. లేకుంటే మూలంలోని సందిగ్ధత అనువాదంలో స్థిరపడుతుంది.