మనం చేసుకున్న మనిషి, వాళ్లిచ్చిన మనిషి

2023 ఆగస్టులో ‘బాల్డర్స్ గేట్ 3’ అనే కంప్యూటర్ ఆట విడుదలైన తొలి వారాంతం గడిచాక, దాన్ని తయారుచేసిన బెల్జియం సంస్థ లారియన్ కొన్ని లెక్కలు బయటపెట్టింది. ఆడినవాళ్లందరూ కలిసి తమ పాత్రను తయారుచేసుకునే తెర ముందే గడిపిన కాలం 88 ఏళ్లు! అప్పటికి కథలో ఒక్క అడుగు కూడా పడలేదు. ముక్కు, కనుబొమలు, కొమ్ములు, జుట్టు రంగు, జాతి, వృత్తి, వీటితోనే సరిపోయింది. ఊరూ పేరూ, గతం, గొంతూ అన్నీ అమరిన ఆస్టారియన్, గేల్, షాడోహార్ట్ లాంటి సిద్ధపాత్రలు ఆరు ఎదురుగా ఉన్నా, 93 శాతం మంది సొంతంగా మనిషిని చేసుకోవడానికే మొగ్గారు.

అంతకు మూడేళ్ల ముందు ఇదే ఆట అసంపూర్తి రూపంలో అమ్మకానికి వచ్చింది. అప్పుడు జనం ఎక్కువగా ఎంచుకున్న పోలికలన్నిటినీ కలిపి లారియన్ ఒక మొహాన్ని చేసి చూపించింది. వచ్చినవాడు ఎక్కడ చూసినా కనబడే సాదాసీదా మనిషి. రాక్షసుల కళ్లిచ్చాం, కొమ్ములిచ్చాం, తోకలు కూడా ఇచ్చాం కదా, తీరా మీరు చేసుకున్నది ఇతణ్ణా అని సంస్థ సరదాగా నిష్ఠూరమాడింది. అన్నేళ్ల శ్రమంతా పోసి పక్కింటి అబ్బాయిని తయారుచేసుకునే ఈ జనానికి అసలు కావాల్సిందేమిటి? ఆర్‌పీజీల (రోల్ ప్లేయింగ్ గేమ్స్) యాభై ఏళ్ల చరిత్రలో ఈ ప్రశ్నకు వచ్చిన జవాబులు ఆసక్తికరంగా ఉంటాయి.

ఈ అలవాటు కంప్యూటర్ కంటే ముందు బల్ల మీద పుట్టింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వచ్చింది. అందులో మూడు పాచికలు వేసి, పడిన మొత్తాన్ని బలం, తెలివి, వివేకం, దారుఢ్యం, చురుకుదనం, ఆకర్షణ అనే ఆరు గుణాలకు వరసగా రాసుకునేవారు. మూడింటి మీదా ఆరు పడి 18 రావడానికి 216లో ఒక్కటే అవకాశం. యోధుడు కావాలని కూర్చున్నవాడికి బలం 7 పడితే అదే నుదుటి రాత. చిత్రమేమిటంటే, అలా దక్కిన మనిషి పూర్తిగా మన సృష్టీ కాదు, వేరొకరు రాసిచ్చిన పాత్రా కాదు. ఆ బలహీనుడితో ఏం చేయించాలా అని ఆలోచించడంలోనే వాడికో స్వభావం ఏర్పడేది.

కంప్యూటర్లోకి వచ్చేసరికి ఆ రాతను చెరిపి మళ్లీ రాసుకునే వీలు దొరికింది. 1998 నాటి మొదటి ‘బాల్డర్స్ గేట్’లో ‘రీరోల్’ మీట ఉంటుంది. అంకెలు నచ్చకపోతే నొక్కడం, మళ్లీ నచ్చకపోతే మళ్లీ నొక్కడం. అరగంటసేపు అదే పనిగా నొక్కుతూ కూర్చునే జాతి ఒకటి పుట్టుకొచ్చింది. నాదీ ఆ జాతే. అలా వచ్చిన వీరుడికి ఏ లోటూ ఉండదు, అందుకే గుర్తూ ఉండడు.

దీనికి విరుగుడు 1997లోనే ‘ఫాలౌట్’ చూపించింది. ఏడు గుణాలు, ఒక్కోదానికి మొదట 5, పైన పంచుకోవడానికి మరో 5 పాయింట్లు. మొత్తం 40. ఒకచోట పెంచాలంటే ఇంకోచోట కోసుకోవాల్సిందే. అసలు తమాషా అంకెల్లో లేదు, వాటికి ఆ ప్రపంచం ఇచ్చే జవాబులో ఉంది. తెలివిని 3 దాటనివ్వకపోతే మీ పాత్రకు మాటలే సరిగా రావు. అవతలివాళ్లు ఎంత ముఖ్యమైన సంగతి చెప్పినా మీ దగ్గర మూలుగులూ ముక్కముక్కల మాటలూ తప్ప ఏమీ ఉండవు. కొందరు జాలిపడతారు, కొందరు విసుక్కుంటారు. ఓపిక లేనివాళ్ల కోసం ఆటలో మ్యాక్స్, నటాలియా, ఆల్బర్ట్ అని మూడు సిద్ధపాత్రలనూ పెట్టారు. నాకు తెలిసినవాళ్లలో ఎవరూ వాటిని ముట్టుకున్న గుర్తు లేదు.

అంకెలే చూపించకుండా మనిషిని తయారుచేయించిన ఘనత రిచర్డ్ గారియట్‌ది. 1985లో వచ్చిన అతని ‘అల్టిమా 4’ మొదట్లో సోది చెప్పే ఒక స్త్రీ ఎదురవుతుంది. నిజాయితీ గొప్పదా కరుణ గొప్పదా, న్యాయమా త్యాగమా అన్న తరహా ధర్మసంకటాలను ఏడు ప్రశ్నలుగా వేస్తుంది. ఎనిమిది సుగుణాలు జంటలుగా పోటీపడి చివరికి ఒకటి మిగులుతుంది. కరుణ మిగిలితే గాయకుడు, శౌర్యం మిగిలితే యోధుడు, వినయం మిగిలితే గొర్రెల కాపరి. ఆ కాపరి ఎనిమిది మందిలోనూ బలహీనుడు. నిజంగా వినయంగా జవాబులు చెప్పినవాడికి ఆట మొదట్లోనే చుక్కలు కనబడతాయి. ఇంత కొంటెతనం మళ్లీ చాలా తక్కువ ఆటల్లో చూశాను.

సొంత పాత్రతో రచయితకు వచ్చే మొదటి చిక్కు గతం. ఆ మనిషి ఎక్కడివాడో ఆడేవాడి మనసులో ఉంటుంది, ఆటకు తెలియదు. ‘ఎల్డర్ స్క్రోల్స్’ ఆటలు దీన్ని ఖైదీ వేషంతో దాటేశాయి. 2002 నాటి ‘మారోవిండ్’లో ఓడలోంచి దిగే ఖైదీ, 2006 నాటి ‘ఆబ్లివియన్’లో జైలు గదిలో ఖైదీ, 2011 నాటి ‘స్కైరిమ్’లో బండి మీద తల నరికించుకోడానికి పోయే ఖైదీ. ఏ నేరం చేశాడని ఎవరూ అడగరు. ‘స్కైరిమ్’లోనైతే నరకబోయే ముందు, జాబితాలో పేరు లేదే, ఎవరు నువ్వు అని సైనికుడు అడిగినప్పుడే మన మొహం తయారవుతుంది. ఉపాయం మంచిదే. కాకపోతే ఆ తర్వాత వందగంటలు ఆడినా ఆ ప్రశ్న మళ్లీ అంత సూటిగా ఎవరూ అడగరు.

2008 నాటి ‘ఫాలౌట్ 3’ ఇంకో దారి పట్టింది. అందులో మనం పుడతాం. పసివాడిగా ఉయ్యాల గదిలో పాకుతూ వెళ్లి బొమ్మల పుస్తకం తెరిస్తే, ఆ పుటల్లోనే మన గుణాలను ఎంచుకుంటాం. పదహారేళ్లకు పరీక్ష రాసి నైపుణ్యాలు తెచ్చుకుంటాం. మనం ఎంచుకున్న పోలికలను బట్టి తండ్రి మొహం కూడా మారుతుంది. ఆ తండ్రికి గొంతిచ్చింది లియామ్ నీసన్. తర్వాత ఆ తండ్రిని వెతుక్కుంటూ పోవడమే కథ కాబట్టి, ఈ బాల్యం ఊరికే పోదు.

రెండో చిక్కు గొంతు. మనం టైపు చేసిన పేరును నటుడు ఎలా పలుకుతాడు? 2007లో ‘మాస్ ఎఫెక్ట్’ దీనికి చేసిన కిటుకు చూడండి. మొదటి పేరు మీ ఇష్టం, ఇంటిపేరు మాత్రం షెపర్డ్. ఆడైనా మగైనా అందరూ పిలిచేది ‘కమాండర్ షెపర్డ్’ అనే. మిలటరీ కాబట్టి ఎబ్బెట్టుగానూ ఉండదు. 2015లో ‘ఫాలౌట్ 4’ మొండికేసి, కాడ్స్‌వర్త్ అనే ఇంటి రోబో చేత సుమారు వెయ్యి పేర్లు పలికించింది. వెంకటేశ్వర్లుకి ఆ భాగ్యం దక్కుతుందని నేనైతే ఆశ పెట్టుకోలేదు.

మొహాన్ని సవరించుకునే స్లైడర్ల గురించి ఎక్కువ చెప్పను. చామనఛాయకు సరిపడే రంగూ దానికి నప్పే జుట్టూ దొరకని ఆటలు చాలాకాలం ఉండేవి, కాబట్టి తన పోలికలున్న మనిషి తెరమీద నడవడం హైదరాబాద్‌లోనో హ్యూస్టన్‌లోనో కూర్చుని ఆడే మనవాళ్లకు చిన్న సంగతి కాదు. కానీ దవడ ఎముకను ఎంత చెక్కినా కథలో ఎవరూ దాన్ని పట్టించుకోరు. పైగా శిరస్త్రాణం పెట్టగానే అదీ కనబడదు.

సిద్ధపాత్ర బలమంతా సరిగ్గా ఈ చోటే ఉంది. 2015 నాటి ‘విచర్ 3’లో గెరాల్ట్‌ను మనం తయారుచేయం, పోలండ్ రచయిత ఆంద్జెయ్ సప్కోవ్‌స్కీ కథల్లో ఏనాడో పుట్టినవాడు. సిరి అతను పెంచిన కూతురులాంటిది. ఆట ముగింపు పెద్ద యుద్ధాల మీద తేలదు. డీలాపడిన సిరితో మంచు ఉండలు విసురుకుని ఆడుకున్నామా, మంత్రగత్తెలతో మాట్లాడటానికి ఆమెను ఒంటరిగా పోనిచ్చామా వెనకే తగులుకున్నామా, ఇలాంటి చిన్న సంగతుల మీద తేలుతుంది. ఇంతకుముందు ఏళ్ల తరబడి తండ్రిగా ఉన్నవాడు కాబట్టే వాటికి అంత బరువు. పద్యనాటకంలో కృష్ణుడి రాయబారం విఫలం కావాల్సిందే, అది నటుడి చేతిలో లేదు. ఏ పద్యం దగ్గర ఎంతసేపు రాగం తీస్తాడో, ఎక్కడ నవ్వుతాడో, ఎక్కడ బెదిరిస్తాడో అన్నదే అతని సొంతం. గెరాల్ట్‌ను ఆడించడంలో ఉన్న సుఖం అదే.

పోల్చి చూస్తే ‘ఫాలౌట్ 4’ చేసిన పొరపాటు తెలుస్తుంది. మన మొహం మనమే చేసుకుంటాం, కొద్ది నిమిషాల్లో జీవిత భాగస్వామినీ చంటిబిడ్డనూ చేతిలో పెడతారు, వెంటనే లాక్కుంటారు. ఏడవమంటారు. ఏడుపెలా వస్తుంది? ఆ బిడ్డ ఆటకు బిడ్డేగానీ మనకు కాదు. చాలామంది ఆ బిడ్డ మాట మరిచి ఇళ్లు కట్టుకుంటూ కూర్చున్నారంటే తప్పు వాళ్లది కాదు.

సిద్ధపాత్రే నమ్మకద్రోహం చేయగలదని 1997లో ‘ఫైనల్ ఫాంటసీ 7’ నిరూపించింది. క్లౌడ్ తన గతమని చెప్పి మనచేత ఆడించిన ఘట్టం అతను చెప్పినట్టు జరగలేదని చాలాసేపటికి గానీ బయటపడదు. సొంత పాత్రతో ఈ దెబ్బ కొట్టలేరనుకుంటే, 2003లో ‘నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్’ కొట్టింది. మొహం మనది, పేరు మనది, వృత్తి మనది. తీరా చూస్తే అందరూ శపిస్తున్న డార్త్ రెవాన్ మనమేనట, జ్ఞాపకాలు చెరిపేశారట. (ఇరవై ఏళ్లు దాటిన ఆట కాబట్టి గుట్టు విప్పినందుకు నన్ను తిట్టరని ఆశ.) మనం కష్టపడి చేసుకున్న బొమ్మలో వాళ్ల మనిషి ముందే దూరి కూర్చున్నాడన్నమాట.

అక్కడినుంచి నాకు మిగిలిన కొలత ఒకటే. పాత్రను ఎవరు చేశారన్నది రెండో మాట, చేసిన దాన్ని ఆట ఎంతవరకు గుర్తుపెట్టుకుందన్నది మొదటిది. 2009 నాటి ‘డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్’ ఇందులో ఇప్పటికీ పెద్దన్న. ఆరు పుట్టుకలు, ఒక్కోదానికీ విడిగా ఆడదగిన తొలి అంకం. మరుగుజ్జుల నగరం ఆర్జమార్‌లో బేలెన్ అనే రాకుమారుడున్నాడు. మీరు మరుగుజ్జుల రాజకుటుంబంలో పుడితే అతను మీ తమ్ముడు. కుట్ర పన్ని మిమ్మల్ని చావుకు తోసినవాడు. అదే నగరంలో అంటరాని వాడలో పుడితే, మీ అక్కను చేరదీసినవాడు, మీ మేనల్లుడి తండ్రి. బయటినుంచి ఎల్ఫ్‌గానో మాంత్రికుడిగానో వస్తే, సింహాసనం కోసం పోట్లాడే ఇద్దరిలో ఒకడు. ఎవరికి కిరీటం పెట్టాలో తేల్చేది మీరే. ప్రశ్న ఒక్కటే, కానీ అడిగించుకునే మనిషిని బట్టి మూడు వేర్వేరు ప్రశ్నలైపోయింది. ఇందుకు రాసేవాళ్లకు పట్టే శ్రమ మామూలుది కాదు. ఆరుగురిలో ఐదుగురి కోసం రాసింది ఒక్కసారి ఆడి వదిలేసే మామూలు ఆటగాడు చూడనే చూడడు. అందుకే తర్వాత వచ్చినవాళ్లు ఆ జోలికి పెద్దగా పోలేదు.

‘బాల్డర్స్ గేట్ 3’ సిద్ధపాత్రలను అంతమంది ఎందుకు వదిలేశారో ఇప్పుడు ఊహించవచ్చు. ఆస్టారియన్‌గా ఆడితే ఆస్టారియన్ మాటలు వినే అవకాశం పోతుంది. అతని వెటకారం, అబద్ధాలు, భయం, ఇవన్నీ ఎదుట నిలబడి వినాల్సినవి. సొంత పాత్ర అక్కడ వినేవాడు. మాట్లాడే పని చుట్టూ ఉన్నవాళ్లది. అందుకే సాదా మొహం చాలింది. ‘డార్క్ అర్జ్’ అనే ఏడో దారి వేరు. రూపం మనం చేసుకోవచ్చు, రక్తదాహమూ మరిచిపోయిన గతమూ వాళ్లిచ్చినవి. కథ మధ్యలో మన చేతులే మన మాట వినవు.

ఈ కలనేతలో నాకు అన్నిటికంటే నచ్చింది 2019 నాటి ‘డిస్కో ఎలీసియం’. ఎస్టోనియాలో మొదలైన జాఅమ్ బృందం చేసింది, ప్రధాన రచయిత రాబర్ట్ కుర్విట్జ్. తప్పతాగి పేరు కూడా మరిచిన డిటెక్టివ్ ఒక హోటల్ గదిలో లేస్తాడు. వయసు, పొట్ట, చెడిన కాపురం, ఊరంతా చేసిన రభస, ఏదీ మన ఎంపిక కాదు. మన చేతిలో ఉన్నవి నాలుగు గుణాల మధ్య పంచాల్సిన 12 పాయింట్లే. వాటి కింద 24 నైపుణ్యాలు, ఒక్కోదానికీ ఒక గొంతు. ఏది పెంచితే అది తలలో ఎక్కువ వాగుతుంది. బుద్ధిని పెంచితే అక్కరలేని విజ్ఞానం చెవిలో హోరెత్తిస్తుంది. ఊహాశక్తిని పెంచితే మెడలోని టై కూడా సలహాలివ్వడం మొదలెడుతుంది. ఒంటిని పట్టించుకోకపోతే, ఫ్యానుకు వేలాడుతున్న ఆ టైని లాగబోయి మొదటి ఐదు నిమిషాల్లోనే గుండె ఆగి చావొచ్చు. మొహాన్ని ఎవరో చెక్కి ఇచ్చారు, తలలో ఎవరు మాట్లాడాలో మనం తేల్చుకుంటాం.

కొత్తగా ఈ ఆటల్లోకి దిగేవాళ్లు నన్నడిగితే, స్లైడర్ల తెర మీద ‘రాండమ్’ నొక్కి ముందుకు పొమ్మంటాను. ఊళ్లో మొదట ఎదురైన మనిషి మీ జాతి గురించో వృత్తి గురించో ఒక్క ముక్కయినా అన్నాడా చూడండి. అంటే వెనక్కి వచ్చి, తీరిగ్గా కూర్చుని, మంచి మనిషిని చేసుకోండి. అనకపోతే ఆ మొహంతోనే కానివ్వండి.