పాత చీర, పాత పేపరు

చీరాల పేరు చెబితే మగ్గమే గుర్తొస్తుంది. పక్కనే ఉన్న జాండ్రపేట, వేటపాలెం కూడా నేతగాళ్ల ఊళ్లే. అయితే మగ్గంతో పనిలేని చేతిపనులు రెండున్నాయి. ఒకటి బొంత, రెండోది కాగితం బుట్ట. వీటి గురించి రాసేవాళ్లు చాలావరకు పొదుపు గురించే మాట్లాడతారు. పారేసే వస్తువుతో పనికొచ్చేది చేశారని మెచ్చుకుంటారు. నిజానికి ఈ రెండింటికీ పాతదే సరైన సరుకు. వేరేది పెడితే పని చెడుతుంది.

బొంత సంగతే చూడండి. పడుగు నూలు మగ్గం మీద తెగకుండా గంజి పెడతారు. ఆ బిరుసు ఉతికేకొద్దీ దిగిపోతుంది. నూలు గుడ్డ కుంచించుకుపోయేదీ మొదటి ఉతుకుల్లోనే. పదేళ్లు కట్టిన నేత చీరకు ఇక కుంచించుకునే గుణం ఉండదు. పాత పొరల మధ్య ఒక్క కొత్త ముక్క పడితే, తడి తగలగానే అది ఒక్కటే ముడుచుకుని బొంతంతా ముడతలు పడుతుంది. అందుకే పైనా కిందా మెత్తబడ్డ చీరలు, మధ్యలో పాత పంచెలు, లుంగీలు పరుస్తారు. ముడతలు అంచులకు జరిగేలా నడిమి నుంచి చేత్తో సర్ది, ముందు పొడుగు టాకాలు వేస్తారు. ఆ తర్వాత అంచు నుంచి లోపలికి బారులు బారులుగా కుట్టుకొస్తారు. బారులు దగ్గరైతే బొంత గట్టిపడుతుంది, ఎడమైతే లోపలి గుడ్డ జారి ఉండకడుతుంది. బెంగాల్లో కాంతా కుట్టేదీ ఇలా పాత చీరల పొరల మీదే.

ఇక బుట్ట. నున్నగా మెరిసే వారపత్రిక కాగితం దీనికి పనికిరాదు. దాని మీది పూత నీటిని సులువుగా లోపలికి పోనివ్వదు. దినపత్రిక కాగితం మాత్రం నీళ్లు బాగా పీల్చుకుంటుంది. చిన్న ముక్కలు చేసి రెండు మూడు రోజులు నాననిచ్చి, రోట్లో దంచుతారు. రాత్రి నానబెట్టిన మెంతులు రుబ్బి కలుపుతారు. మెంతుల జిగురే ఇక్కడ బంక, ఆ చేదుకు పురుగు దరిచేరదని నమ్మకం. బోర్లించిన గిన్నె మీద తడిగుడ్డ పరిచి, గుజ్జును అరచేత్తో ఒత్తుతూ ఒకే మందంలో మెత్తుతారు. మొదట నీడలో, ఆ తర్వాత ఎండలో పెట్టాలి. నేరుగా ఎండకు పెడితే పైపొర ముందే బిగిసి పగులుతుంది. వాన రోజుల్లో చేస్తే బూజు పడుతుంది. కాబట్టి మిరపకాయలు కళ్లాల్లో ఎండే కాలమే దీనికీ అదను. ఎండిన బుట్టలో అప్పడాలు, వడియాలు, ఎండుమిర్చి పోసుకోవచ్చు. తడి మాత్రం తగలకూడదు.

బడి పిల్లలు బొమ్మలు కత్తిరించే ఫెల్ట్ షీటూ ఈ బుట్టా ఒక జాతివే. రెండింటిలోనూ పడుగూ లేదు, పేకా లేదు. పీచులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని అట్టకట్టడమే. ఫెల్ట్‌ను ఎక్కడ కత్తిరించినా పోగు లేవనిది అందుకే. నేతగుడ్డ ముక్కతో అదే బొమ్మ చేయాలంటే అంచు మడిచి కుట్టక తప్పదు.

చీరాలకు పేరు తెచ్చిన తేలియా రుమాలులో కూడా సగం పని నేతకు ముందే అయిపోతుంది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరేసి, రంగు పట్టే స్థితికి తెస్తారు. ఎరుపు, నలుపు, తెలుపుల ఆ రుమాళ్లు అరబ్బు దేశాలదాకా వెళ్లాయి. వాటికున్న పేరు బొంతకూ బుట్టకూ రాలేదు గానీ, సరుకును ముందు దారికి తెచ్చుకునే తెలివి మూడింటిలోనూ ఒక్కటే.

వేసవి సెలవుల్లో పిల్లలకు చేతిపని నేర్పాలనుకుంటే సరుకుతోనే మొదలుపెట్టడం మంచిది. కత్తెర చేతికిచ్చే ముందు నానిన పేపరు పిండి చూడమనండి. గుడ్డను వేళ్ల మధ్య నలిపి, ఎన్ని ఉతుకులు తిన్నదో చెప్పమనండి. అది పట్టుబడ్డ చేతికి బొమ్మయినా బుట్టయినా సులువుగానే వస్తుంది.