నోటు వెనక్కి తిప్పి చూసే చదువు

ఐరాల మండలంలో కాణిపాకం పక్కన పారే ఏటి పేరు బాహుదా. ఆ ఏటికి ఒక కథ ఉంది. ఆకలికి తాళలేక అడగకుండా మామిడిపండు కోసుకుతిన్న లిఖితుడు, అది తప్పని అన్న శంఖుడు చెప్పగానే తానే రాజు దగ్గరికి వెళ్లి శిక్ష అడిగాడు. రాజు చేతులు నరికించాడు. ఈ ఏట్లో మునిగితే ఆ చేతులు మళ్లీ వచ్చాయని పెద్దలు చెబుతారు. ఇక కాణిపాకం వినాయకుడు ప్రమాణాల దేవుడు. ఆయన ఎదుట నిలబడినవాడి నోట అబద్ధం రాదని నమ్మకం. తప్పొప్పుల మాట ఇంతగా నానిన నేల ఇది. గుళ్లో ప్రమాణంతో తేలని తగాదా మాత్రం చిత్తూరు కోర్టు మెట్లెక్కేది. అక్కడ రైతుకు దిక్కు ప్లీడరు.

ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల తాలూకాలు కొన్ని కలిపి 1911లో చిత్తూరు జిల్లాను ఏర్పాటు చేశారు. చట్టం ఇంగ్లీషులో ఉండేది. కక్షిదారు తెలుగులోనో అరవంలోనో గోడు చెప్పుకునేవాడు. ఆ గోడును చట్టం భాషలోకి, చట్టాన్ని తిరిగి ఊరి భాషలోకి మార్చి చెప్పడమే ప్లీడరు మొదటి విద్య.

రెండో విద్య కాగితం చదవడం. బాకీ వసూలు కాని రైతు ప్రోనోటు తెచ్చి బల్లమీద పెడతాడు. అనుభవమున్న ప్లీడరు ముందు తేదీ చూస్తాడు, ఆ వెంటనే నోటు వెనక్కి తిప్పుతాడు. నోటు మీద దావా వేయడానికి గడువు మూడేళ్లు. దాటితే కాలదోషం పడుతుంది. అయితే గడువులోపల బాకీదారు పది రూపాయలైనా కట్టి, వెనకవైపు చెల్లు వేసి సంతకం చేసి ఉంటే ఆనాటి నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. వెనకనున్న ఆ ఒక్క వరుస మీద ఒక కుటుంబం కష్టార్జితం నిలిచి ఉంటుంది. ముందువైపు మాత్రమే చదివి కాగితం పక్కన పెట్టేసేవాడి వల్ల ఆ కుటుంబం మునిగిపోతుంది.

మూడోది అడ్డుప్రశ్న. సాక్షిని గద్దిస్తే నిజం బయటికి రాదు. పొలానికి ఏ దిక్కున గట్టుంది, గట్టుమీద ఏ చెట్టుంది, ఆ పొద్దు కపిల ఎవరు తోలారు అని చిన్నచిన్నగా అడుగుతూ పోవాలి. అసలు కథ వల్లెవేసుకుని వచ్చిన దొంగసాక్షికి గట్టుమీది చెట్టు తెలియదు.

ఈ చదువే చాలామందిని ప్రజాజీవితంలోకి నడిపించింది. ప్లీడరుగా మొదలైన టంగుటూరి ప్రకాశం రాజమండ్రి మునిసిపల్ చైర్మన్ అయ్యారు, ఆపైన ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. నాటి చిత్తూరు జిల్లాలో ఆ దారిన నడిచిన పెద్ద మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 1891 ఫిబ్రవరి 4న తిరుచానూరులో పుట్టారు. 1912లో లెక్కల మాస్టారుగా మొదలై, 1915లో వకీలు వృత్తిలోకి వచ్చారు. గాంధీజీ పిలుపు విని 1921-22లో ఒక ఏడాది ప్రాక్టీసు ఆపేశారు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. 1940 తర్వాతి ఉద్యమాల్లో జైలుకెళ్లారు.

రాజ్యాంగ సభలో 1948 నవంబరులో గ్రామ పంచాయతీల ప్రస్తావన వచ్చినప్పుడు అయ్యంగార్ పంచాయతీల పక్షాన నిలిచారు. ఆ ప్రతిపాదనే 40వ అధికరణమైంది. 1950లో పార్లమెంటు అంచనాల సంఘం ఏర్పడితే దానికి తొలి అధ్యక్షుడు ఆయనే. మంత్రిత్వ శాఖలు అడిగే సొమ్ములో ఎక్కడ పొదుపు చేయవచ్చో పరిశీలించే సంఘమది. లెక్కల మాస్టారి చూపు, నోటు వెనక్కి తిప్పే ప్లీడరు అలవాటు, రెండూ కావలసిన పని.

అప్పటి స్పీకరు మావలంకర్ మరణం తర్వాత 1956 మార్చి 8న అయ్యంగార్ లోక్‌సభ స్పీకరయ్యారు. ప్లీడరుకు ఇంతకన్నా కష్టమైన మలుపు లేదు. కోర్టులో ఒక పక్షం తరఫున వాదించిన నోరు, ఇక రెండు పక్షాల మాటా వినే చెవి కావాలి. 1962 దాకా ఆ పీఠం మీద ఉండి, ఆ తర్వాత బీహార్ గవర్నరుగా వెళ్లారు. 1978లో కన్నుమూశారు.

అంత ఎత్తుకు అందరూ పోలేరు, పోనవసరమూ లేదు. ఈ సంప్రదాయం విలువ పదవిలో కన్నా పనితీరులో ఉంది. ఎదుటివాడి గోడు పూర్తిగా వినడం, కాగితాన్ని రెండు వైపులా చదవడం, నిజం తేలేదాకా ఓపికగా అడగడం నేటి సర్పంచికీ వార్డు మెంబరుకూ కావలసిన విద్యలే. పాసు పుస్తకంలో సర్వే నంబరు తప్పు పడిందని, తండ్రి పేరు మారిపోయిందని దరఖాస్తు పట్టుకుని తిరిగే రైతు ప్రతి మండలంలోనూ ఉన్నాడు. పక్కన కూర్చుని ఆ కాగితం అతనికి చదివి వినిపించి, “ఇదిగో, తప్పు ఇక్కడుంది పెద్దాయనా” అని వేలుపెట్టి చూపించే మనిషి కోసం అతను ఇవాళ కూడా ఎదురుచూస్తున్నాడు.