అతుకులు విప్పే చేతులు

వజ్రాలకు సానపట్టే సూరత్ కతర్‌గామ్‌లో పాత కార్ల వైరింగ్ సరిచేసే ఆటో ఎలక్ట్రీషియన్ పనితనం కూడా చూసి తీరాలి. మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇంకా తిరుగుతున్న ఆ బండ్లు ఎన్ని చేతులు మారాయో! ఒకరు తీగలు మెలేసి టేపు చుట్టి వదిలేస్తారు. ఒకరు కాలిన ఫ్యూజు చోట రాగితీగ దూరుస్తారు. ఇంకొకరు పెయింటు మీదే ఎర్త్ బోల్టు బిగిస్తారు. వాళ్లెవరినీ తిట్టకుండా ఇతను ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీస్తాడు. జిగురు కారే టేపు విప్పి, చిలుము పట్టిన తీగను మెరిసే రాగి తేలేదాకా కత్తిరిస్తాడు. వజ్రం పనివాడు రాయిని లెన్సులో చూసినంత శ్రద్ధగా ప్రతి అతుకునూ చూస్తాడు. టంకం వేసి, స్లీవు తొడిగి వేడి చేస్తాడు. అది ముడుచుకుని తీగను బిగపట్టేస్తుంది. ఎర్త్ దగ్గర ఇనుము తేలేదాకా పెయింటు గీకుతాడు. 10 ఆంపియర్లకు ఎర్రది, 15కు నీలంది, ఏ ఫ్యూజు చోట ఆ ఫ్యూజే పెడతాడు. లైటు వెలగడంతో తృప్తిపడడు. హెడ్‌లైట్లు వేసి ఉంచి, బ్యాటరీ నెగటివ్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెట్టి, తేడా 0.2 వోల్టు దాటలేదని చూసుకుంటాడు. జోరువానలో ఆగని వైపరు, రాత్రి ఆరని దీపం, డాష్‌బోర్డు కింద కాలిన వాసన లేని ప్రయాణం ఆ చేతుల చలవే. పాత కారు కొన్నవాళ్లు ముందు ఇలాంటి మనిషిని వెతకండి. అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి.