దమ్మక్క ముఖం

2006లో వచ్చిన 'శ్రీరామదాసు' సినిమాని మొదటిసారి చూసినప్పుడు నేను దమ్మక్కను పట్టించుకోలేదు. రెండోసారి చూసింది భద్రాచలం దగ్గర ఒక గిరిజన బాలికల హాస్టల్లో, టీవీ ముందు పిల్లలతో పాటు చాప మీద కూర్చుని. పాటల సేకరణ కోసం ఆ ఊళ్లకు వెళ్లి, ఆ రాత్రికి అక్కడే ఉండిపోయాను. పోకల దమ్మక్క తెర మీదికి రాగానే నా పక్కనున్న తొమ్మిదో తరగతి కోయ పిల్ల "ఈమె చంటి వాళ్లమ్మ గదా మేడం" అంది. ఇంకో పిల్ల "కాదే, పెళ్లి సినిమాల అత్త" అంది. దమ్మక్క అని ఎవరూ అనలేదు. భద్రగిరి మీద రాముణ్ణి మొదట చూసిందని చెప్పుకునే అడవి మనిషి కళ్ల ముందు ఉంటే, అదే అడవి పిల్లలు గుర్తుపట్టింది చంటి తల్లిని.

పిల్లల తప్పేం లేదు. తప్పు ఆ వేషం కట్టిన నటి సుజాతదని కొన్నాళ్లు అనుకున్నాను. ఆ మెత్తని, సౌమ్యమైన ముఖాన్ని అడవి మనిషికి ఎట్లా అతికించారని కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఆమె పాత సినిమాలు వెతికి చూశాను. చూశాక కోపం పోలేదు గానీ దాని దారి మారింది.

సుజాత 1952లో శ్రీలంకలోని గాలెలో పుట్టిన మలయాళీ. కేరళకు వచ్చి, నాటకాల్లో వేషాలు వేసి, 1970ల మొదట్లో మలయాళ సినిమాల్లోకి అడుగుపెట్టింది. 1974లో బాలచందర్ తమిళంలో తీసిన 'అవళ్ ఒరు తొడర్ కథై' ఆమెను నిలబెట్టింది. అందులో ఆమె కవిత. ఇంటిల్లిపాదీ తన జీతం మీదే బతుకుతూ తననే గయ్యాళి అంటుంటే భరించే ఉద్యోగిని. ఆ పాత్రలో సుజాత కన్నీళ్లని చాలా పొదుపుగా వాడుతుంది. ఏడుపు రావలసిన చోట విసుగు వస్తుంది, జాలి పుట్టవలసిన చోట మనకే భయం పుడుతుంది. త్యాగమూర్తి అని దండం పెట్టి పక్కన కూర్చోబెట్టడానికి ఆమె ఒప్పుకోదు. మూడేళ్ల తర్వాత 'అవర్గళ్'. హింసించే భర్త నుంచి బయటపడి, బిడ్డతో తన బతుకు తాను వెతుక్కునే స్త్రీ.

ఈ ఇద్దరూ మనకు బాగా తెలిసినవాళ్లే. కాకపోతే కవిత 'అంతులేని కథ' (1976)లో జయప్రదగా, రెండో ఆమె 'ఇది కథ కాదు' (1979)లో జయసుధగా మన దగ్గరికి వచ్చారు. వాళ్లు తక్కువ చేశారని కాదు, జయప్రద జీవితంలో అంత మంచి పాత్ర మళ్లీ వచ్చిందా అని నాకు అనుమానమే. నేననేది ఏమంటే, సుజాత కోపం తెలుగులోకి వచ్చింది, సుజాత రాలేదు. ఆమె వచ్చింది 1979లో, 'గోరింటాకు', 'గుప్పెడు మనసు'లతో. 'గోరింటాకు'లో ఆమె నాయిక, తల్లి పాత్రలో సావిత్రి. ఒకప్పుడు మన తెరనంతా ఏలిన సావిత్రిని శోభన్‌బాబుకి తల్లిని చేసిన ఆ సినిమాని ఇప్పుడు చూస్తుంటే, సుజాతకి ముందు దారి ఎటు పోతుందో పక్కనే కనిపిస్తూ ఉంటుంది.

1983లో 'బహుదూరపు బాటసారి'లో ఆమె అక్కినేని నాగేశ్వరరావుకి జోడీ. ఆయన ఆమెకంటే ఇరవై ఎనిమిదేళ్లు పెద్ద. 1992లో 'చంటి'లో వెంకటేష్‌కి తల్లి. అతను ఆమెకంటే ఎనిమిదేళ్లే చిన్న. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుంటే చాలు, ఆడవాళ్ల వయసుని మన పరిశ్రమ ఏ కొలబద్దతో కొలుస్తుందో వేరే సిద్ధాంతం అవసరం లేదు. నలభై నిండకముందే ఆమె 'అమ్మ' అయిపోయింది. అదే ఏడాది వచ్చిన 'సూరిగాడు'లోనూ అమ్మే.

అయినా ఆ అమ్మ వేషంలోంచి పాత కవిత ఒకసారి తల బయట పెట్టింది. కోడి రామకృష్ణ 'పెళ్లి' (1997)లో ఆమె అత్త. కొడుకు పెట్టే హింస నుంచి కోడలిని తప్పించి, వేరే ఊరు తీసుకొచ్చి, కూతురని చెప్పుకుని కాపాడుతుంది. ఆ పిల్లకి మళ్లీ పెళ్లి చేయాలనుకుంటుంది. సినిమా మొత్తాన్ని నేను సమర్థించను, ఆ పిల్లకి దారి మరో పెళ్లే అని కథ ముందే తేల్చేసుకుంది. కానీ కన్నకొడుకుకి ఎదురు నిలబడిన అత్తను కన్నీటి వరదలో ముంచకుండా, గుట్టు తెలిసిన మనిషి జాగ్రత్తతో నడిపింది సుజాత. హాస్టల్ పిల్లకి ఆ అత్త గుర్తుండిపోవడంలో ఆశ్చర్యం లేదు.

'శ్రీరామదాసు' తెలుగులో ఆమె చివరి సినిమా. 2011 ఏప్రిల్‌లో చెన్నైలో చనిపోయింది. ఒకనాటి ఆమె జోడీ నాగేశ్వరరావు ఈ సినిమాలో కబీరు. ఆయనకి జ్ఞానం, ఆమెకి భక్తి. దమ్మక్క నోట వినిపించేది మనందరికీ అలవాటైన భక్తి సినిమా తెలుగే. రాముడి సంగతి ఆమె ద్వారా తెలిశాక కథ గోపన్నది అయిపోతుంది. గుడి అతనిది, చెర అతనిది, కీర్తనలు అతనివి. అక్కడ సుజాత చేయగలిగిందల్లా చేతులు జోడించి నిండుగా చూడటమే. ఆ పని ఆమె నిజాయితీగానే చేసింది. కవితని చేసిన నటికి అడవిలో ఒంటరిగా తిరిగే మనిషి మొండితనం తెలియక కాదు, ఎవరూ అడగలేదు.

దమ్మక్కది భద్రిరెడ్డిపాలెం అంటారు. పుట్టలో విగ్రహాలు చూసి, వాటి మీద పందిరి వేసి, తాటిపండు నైవేద్యం పెట్టిందని చెప్తారు. గుడి కట్టించిన తహసీల్దారు కంటే ముందే ఆ దేవుడికి నీడ కల్పించింది ఆమె. నేను విన్న కథల్లో ఎక్కడా ఆమెకు మొగుడు లేడు, బిడ్డ లేడు. తల్లి ముఖం సినిమా తెచ్చిపెట్టిందే.

ఆ రాత్రి పిల్లలకు ఈ పందిరి కథ చెప్పాను. చంటి తల్లిని గుర్తుపట్టిన పిల్ల అంతా విని, "పందిరి ఆమె ఒక్కతే ఏసిందా మేడం, ఊరోళ్లు సాయం రాలేదా?" అని అడిగింది. పందిరి ఎట్లా వేస్తారో ఆ పిల్లకు తెలుసు. వెదురు ఎవరు నరకాలి, ఆకు ఎంతమంది మోయాలి, అవన్నీ నాకే చెప్పడం మొదలుపెట్టింది.