గాలికి ఎదురొచ్చే మబ్బు

మధ్యాహ్నం నాలుగింటికి ఇల్లందు వైపు ఆకాశంలో తెల్లటి గుబురు ఒకటి లేచిందంటే ఆ రాత్రి మా ఏన్కూరులో కొందరికి నిద్ర పట్టదు. కల్లంలో మిర్చి ఆరబోసుకున్న రైతుకు బెంగతో పట్టదు. నాలాంటి వాన పిచ్చోళ్లకు ఆశతో పట్టదు. ఇద్దరం చూసేది ఒకే మబ్బుని. అది అటే పోవాలని ఆయన దండం పెట్టుకుంటాడు, ఇటే రావాలని నేను. పైగా మావి పక్కపక్క డాబాలు. ఏప్రిల్, మే రాత్రుల్లో వచ్చే ఉరుముల వాన గురించి ఈ ఇరకాటం లేకుండా రాయడం పట్నంలో కూర్చున్నవాళ్లకే కుదురుతుంది.

గాలివాన అనగానే చదువుకున్నవాళ్లకు పాలగుమ్మి పద్మరాజు కథ గుర్తొస్తుంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకున్న కథ. అందులో ఉన్నది కోస్తా గాలివాన. తుఫానుకు ఓ మర్యాద ఉంది. నాలుగు రోజుల ముందే పేరు పెట్టించుకుంటుంది, ఎక్కడ తీరం దాటుతుందో చెప్పించుకుంటుంది. మా అడవి అంచు గాలివానకు పేరూ లేదు, ముందస్తు కబురూ లేదు. ముప్పావుగంటలో పుడుతుంది, గంటన్నరలో కొట్టాల్సింది కొట్టేసి పోతుంది. జూలూరుపాడులో మామిడితోట నేలకు రాలిపోతే ఏన్కూరులో దుమ్ము కూడా అణగదు. అందుకే దీనికోసం కాపు కాయడంలో అంత మజా.

ఎండాకాలంలో విదర్భ దగ్గర్నుంచి తెలంగాణ మీదుగా తమిళనాడు దాకా ద్రోణి ఏర్పడిందని టీవీలో వింటూనే ఉంటాం. దానికి తూర్పున బంగాళాఖాతం మీంచి వచ్చే తేమగాలి, పడమర ఉత్తరాది నుంచి దిగే పొడిగాలి. మాకు నేల మీద వీచేది ఆగ్నేయపు గాలి, అంటే సముద్రపుది. దాని మీద, కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల ఎత్తున, పొడిగా వేడిగా ఉండే మరో గాలి పొర ఎసటి మీద మూతలా కూర్చుని ఉంటుంది. 42, 43 డిగ్రీల ఎండ పగలంతా కాస్తున్నా మూత కదలకపోతే ఆకాశం నిర్మలంగానే ఉంటుంది. మనకు మాత్రం ఒళ్లంతా జిగట. ఎక్కడో ఒకచోట మూత లేచిందా, గంట తిరిగేలోపు మబ్బు 14, 15 కిలోమీటర్ల ఎత్తుకు పోతుంది. వాతావరణ శాఖ వాళ్లు క్యుములోనింబస్ అంటారు. మా దగ్గర మొగులైంది అని ఊరుకుంటారు.

కొత్తగా చూసేవాళ్లు పొరపడేది గాలి దగ్గరే. కొబ్బరాకులు వాయవ్యం వైపు ఊగుతుంటే, గాలి మబ్బును వెనక్కి తోసేస్తోంది, ఇక రాదులే అనుకుంటారు. నిజానికి మబ్బును నడిపేది కింది గాలి కాదు. ఆ ఎత్తులో గాలులు పడమర నుంచి, వాయవ్యం నుంచి వీస్తాయి. అందుకే మా గాలివాన ఎప్పుడూ గాలికి ఎదురు నడిచి వస్తుంది. మహబూబాబాద్, ఇల్లందుల మీదుగా మనవైపు దిగుతుంది. కింద వీచే ఆగ్నేయపు గాలి దాన్ని ఆపకపోగా, అందులోని తేమే దానికి బలం. రాత్రి ఎనిమిదైనా ఆ గాలి తగ్గకపోతే, తుడుచుకున్న చెమట మళ్లీ పడితే, నేను మంచం డాబా మీదే వేసుకుంటాను.

మరి ఎండ పోయాక ఉరుములెందుకు? ఇది చాలామంది అడిగే ప్రశ్న. మధ్యాహ్నం ఉత్తరాన పుట్టిన మబ్బు అక్కడ కురిసి చస్తుంది. కానీ వానతో పాటు దిగిన చల్లగాలి చావదు. బరువైన గాలి కదా, నేల పట్టుకుని నలుదిక్కులా పరుచుకుంటూ పోతుంది. దారిలో తగిలిన వెచ్చటి తేమగాలిని కింద నుంచి పైకెత్తుతుంది. మళ్లీ మూత లేస్తుంది, మళ్లీ కొత్త మబ్బు. ఇలా ఒకదాని నుంచి ఒకటి పుట్టుకుంటూ మా దాకా వచ్చేసరికి తొమ్మిదో పదకొండో అవుతుంది. మధ్యలో ఎక్కడైనా తేమ చాలకపోతే తెగిపోతుంది. తెగిపోయే రాత్రులే ఎక్కువ.

కాపు కాయడం మూగ మెరుపులతో మొదలవుతుంది. చీకటి పడ్డాక ఉత్తరపు అంచున ఆకాశం ఉండుండి తెల్లబడుతుంటుంది. చప్పుడు ఉండదు. వేడికి మెరుస్తోందిలే అంటారు పెద్దవాళ్లు. వేడికి ఏదీ మెరవదు. అంత ఎత్తైన మబ్బులో మెరుపు రాత్రిపూట వంద కిలోమీటర్ల అవతల నుంచీ కనిపిస్తుంది. ఉరుము మాత్రం ఇరవై, పాతిక కిలోమీటర్లు దాటి వినపడటం అరుదు. కాబట్టి మూగ మెరుపంటే ఎవరి ఊళ్లోనో అప్పటికే ఉరుముతోందని అర్థం. మొదటి ఉరుము చెవిన పడ్డాక లెక్క మొదలు. మెరిసిన దగ్గర్నుంచి ఉరిమే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు. అరవై, యాభై, నలభై అయిదు. అంకె తగ్గుతుంటే గుండె కొట్టుకునే తీరు వేరు. కొన్ని రాత్రులు నలభై దగ్గరే ఆగి మళ్లీ యాభై, అరవై అవుతుంది. కొత్తగూడెం వైపు జారిపోయిందన్నమాట.

జారిపోకపోతే చూడాలి. ముందు గాలి టక్కున ఆగిపోతుంది. కొబ్బరాకు కదలదు. అప్పటిదాకా మొరుగుతున్న కుక్క మెట్ల కింద దూరుతుంది. ఉత్తరాన అడవి మీద ఊళ్ల వెలుగు ఒక మసక చారలా ఉంటుంది. ఆ చార ఒక చివర్నుంచి ఆరిపోతూ వస్తుంది. గాలిదుమారం ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి అంతకన్నా నమ్మకమైన సూచిక నాకు దొరకలేదు, కరెంటు వాళ్ల పుణ్యమా అని. తర్వాత టేకాకుల చప్పుడు. అడవంతా ఎండాకులు నేల మీద దొర్లుతుంటే దూరం నుంచి వాన పడుతున్నట్టే వినిపిస్తుంది, కానీ వాన కాదు. దాని వెనకే చల్లటి దెబ్బ ఒకటి మొహాన కొడుతుంది, కళ్లలో దుమ్ము. రెండు నిమిషాల్లో ఎనిమిది, పది డిగ్రీలు దిగిపోతుంది. ఆరేసిన లుంగీ ఎవరింట్లో పడిందో పొద్దున వెతుక్కోవాలి. ఆ తర్వాత, ఒక్కోటి ఒక్కో చోట, పావలా బిళ్లంత చినుకులు.

యంత్రాలు లేవా అంటే ఉన్నాయి. ఇన్‌శాట్ ఉపగ్రహాల బొమ్మలు అరగంటకోసారి ఫోన్‌లో చూడొచ్చు. వాతావరణ శాఖ మూడు గంటల ముందు హెచ్చరికలు జిల్లాలవారీగా రంగులు వేసి ఇస్తుంది. 2016లో జిల్లాలు విడిపోయాక ఏన్కూరు ఖమ్మంలో, పక్కనే ఉన్న జూలూరుపాడు భద్రాద్రి కొత్తగూడెంలో పడ్డాయి కాబట్టి మేం రెండు జిల్లాల రంగులూ చూసుకోవాలి. మబ్బుకు జిల్లా సరిహద్దు తెలియదు. రాడార్ల సంగతి ఇంకో తీరు. మాకు దగ్గరున్న మచిలీపట్నం రాడార్ 140 కిలోమీటర్ల పైచిలుకు దూరం, హైదరాబాద్‌ది 200 పైచిలుకు. భూమి గుండ్రంగా ఉండబట్టి ఆ కిరణం మా ఊరి మీదికొచ్చేసరికి మచిలీపట్నంది రెండు కిలోమీటర్లకు పైన, హైదరాబాద్‌ది నాలుగు కిలోమీటర్లకు పైన పోతుంది. మబ్బు పైభాగం, అందులోని వడగళ్లు రెండింటికీ కనిపిస్తాయి. చెట్లు కూల్చేది మాత్రం నేల మీద పాకే గాలి. అది వాటి కంట పడదు. ఆఖరి అరగంట సంగతి చెప్పాల్సింది ఇప్పటికీ డాబా మీది మనిషే. మా ప్రాంతానికి దగ్గర్లో ఒక రాడార్ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. వస్తే డాబా ఎక్కే పని తప్పుతుందేమోనన్న చిన్న దిగులూ ఉంది.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ మోగుతుంది. "ఏం సారూ, ఇయ్యాల పడతదా?" ఆ గొంతు ఎవరిదైనా ప్రశ్న మిర్చిదే. ఆరబోసిన కాయను పోగు చేసి పట్టాలు కప్పడం ఇంటిల్లిపాదికీ గంటకు పైగా పని. ఊరికే కప్పించామా, పట్టా కింద పచ్చిదనం ఉన్న కాయ ఉక్కపోసి రంగు పోతుంది, తాలు అవుతుంది. ఖమ్మం మార్కెట్లో తేజ రకానికి పలికే ధర వేరు, తాలుకు పలికేది వేరు. కప్పించకపోతే, వాన పడితే, చెప్పనక్కర్లేదు. కాబట్టి నా దగ్గర మూడే జవాబులుంటాయి: కప్పుకో, పడుకో, చూద్దాం. చూద్దాం అన్నది అన్నిటికన్నా నిజాయతీ జవాబు, అన్నిటికన్నా పనికిరానిదీ అదే. అందుకే వానను ప్రేమించేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది ఈ రాత్రికి రాదు అని చెప్పడం అంటాను. మనసు వస్తుందంటుంది, చేతిలో లెక్క రాదంటుంది. మనసు మాట ఫోన్‌లో చెప్పకూడదు.

మిర్చి ఒక్కటే కాదు. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రాల్లో కుప్పలుగా ఉండేదీ ఈ నెలల్లోనే. అడవిలో తునికాకు కోసేదీ ఇప్పుడే. 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. ఒక్క రాళ్ల వానకు చెట్టు మీది ఆకు జల్లెడైపోతుంది, చిల్లుల ఆకు బీడీకి పనికిరాదు, కోతకెళ్లే కోయ, లంబాడా కుటుంబాలకు ఆ ఏడు చేతి డబ్బు అంతే. 2023 మార్చి నడిమిలో వడగళ్లు మా జిల్లాలో మొక్కజొన్నను నేలకు పరిచేశాయి. 23వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ బోనకల్ మండలానికొచ్చి పొలాల్లో తిరిగి ఎకరానికి 10,000 రూపాయలు ప్రకటించి వెళ్లారు. ఆ వారం వడగళ్ల ఫొటోలు పంపుకుంటూ ఎంత సైజో చూడండి అని మురిసిపోయిన వానప్రియుల మీద నాకు కోపం వచ్చింది. వడగళ్లు కొలవాలి, ఫొటో తీయాలి, తప్పులేదు. అవి ఎవరి చేలో పడ్డాయో కూడా పక్కన రాస్తే బాగుండేది.

ఇంకో కోపం కూడా ఉంది. మెరుపుల వీడియో కోసం డాబా మీద ఫోన్ పట్టుకుని నిలబడటం. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. 2022లో దేశమంతటా పిడుగుపాటుకు పోయినవాళ్లు 2,887 మందని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. చేలో ఉన్నవాళ్లు, చెట్టు కిందికి చేరినవాళ్లు, గొర్రెల కాపరులు, ఇలాంటివాళ్లే ఎక్కువ. మెరుపుకూ ఉరుముకూ మధ్య ముప్పై సెకన్లకు తగ్గిందంటే కిందికి దిగిపోవాలి; అంటే పది కిలోమీటర్లు. ఆఖరి ఉరుము విన్నాక మరో అరగంట దాకా పైకి రాకూడదు. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ పిడుగు ఎంత దూరంలో పడుతోందో చూపిస్తుంది. మంచి ఘట్టమంతా కిటికీలోంచి చూడటం నాకూ కష్టమే, అయినా చూస్తాను.

ఈ పిచ్చి కొత్తదేం కాదు. మబ్బులకు క్యుములస్, స్ట్రాటస్, సిర్రస్ అని పేర్లు పెట్టింది 1802లో లండన్‌లో మందుల వ్యాపారం చేసుకునే ల్యూక్ హోవార్డ్. వాతావరణం ఆయన ఉద్యోగం కాదు. మనవైపు చూస్తే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840ల నాటికే సొంత డబ్బుతో వేధశాల పెట్టుకున్నారు. ఆయన తర్వాత దాన్ని నడిపిన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గ్రహాలతో పాటు వానా గాలీ లెక్కలు కూడా రాశారు. భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో. ఇప్పుడు ఆ వరసలో ఉన్నది తెలంగాణ వెదర్‌మ్యాన్, ఆంధ్రప్రదేశ్ వెదర్‌మ్యాన్ పేర్లతో రాసే కుర్రాళ్లు. ఏపీ వెదర్‌మ్యాన్ సాయి ప్రణీత్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2021 జులైలో ప్రధాని మన్ కీ బాత్‌లో ఆయన ప్రస్తావన తెచ్చారు. రైతుకు అర్థమయ్యే తెలుగులో చెప్పడం ఆయన చేసిన పెద్ద పని. మండలాల్లో ఆటోమేటిక్ వాన యంత్రాలున్నాయి కాబట్టి పొద్దున్నే అంకెలు కూడా అందుతున్నాయి. ఒక్క చిక్కు: వాన లెక్క పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు ఎనిమిదిన్నర దాకా. సోమవారం రాత్రి పదకొండుకు కురిసిన వాన కాగితం మీద మంగళవారానిది. మా కాపలా అంతా ఎప్పుడూ రేపటి ఖాతాలోనే జమ అవుతుంది.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండకు ఈ మబ్బులు ఇంకా ఎత్తుకు పోతాయి, ఆ పది పన్నెండు రాత్రులు మాకు పండగ. అప్పటికి మిర్చి మార్కెట్ చేరిపోతుంది, తునికాకు అయిపోతుంది, పక్క డాబా రైతు కూడా పత్తి గింజలు తెచ్చి పెట్టుకుని వాయవ్యం వైపే చూస్తుంటాడు. ఏడాదిలో మేమిద్దరం ఒకే మబ్బుని ఒకేలా కోరుకునేది ఆ కొద్ది రోజులే. మృగశిర తర్వాత నైరుతి వస్తుంది. ఆకాశమంతా ఒకే బూడిద రంగు, అంచూ లేదు, ఆకారమూ లేదు, నాలుగు రోజుల ముసురు. వాన మంచిదే, చెరువులకు అదే కావాలి. నాకు మాత్రం ఆవలింతలొస్తాయి. మంచం కిందికి దించేస్తాను.